వేలాడే గీత

నా పని గీతలు గీయడం. ఆసుపత్రులకు, అంగళ్ళకు, కార్యాలయాలకు ముందు కార్లు ఆపుకునే స్థలాలు ఉంటాయి కదా, వాటిల్లో కాలినడకన వచ్చిన మనిషి ఎటు పోవాలో, ముఖ్యంగా చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి ఎటు పోతే మధ్యలో ఇరుక్కోకుండా గుమ్మం చేరతాడో, ఆకాశం నుంచి తీసిన ఫొటోల మీద కంప్యూటర్లో గీస్తాను. ఆ గీతలన్నీ జనం ఫోన్లలోకి వెళ్తాయి. ఫోను నోరు తెరిచి "ఎడమకు తిరగండి" అందంటే, ఆ మాట వెనక నాలాంటిది ఎవరో కిటికీ పక్కన కూర్చుని ఉందన్నమాట.

మూడేళ్ళలో తొమ్మిది వందల స్థలాలకు గీతలు గీశాను. వాటిల్లో ఒక్కదాంట్లోనూ కాలు పెట్టలేదు. కాలు పెట్టడం నాకు ఎలాగూ కుదరదు, చక్రం కూడా పెట్టలేదు. పన్నెండేళ్ళ క్రితం మేడమెట్ల మీంచి జారి పడ్డప్పటి నుంచి నడుము కింద నాకు కబురు లేదు. పని ఇంట్లోనే, తిండి ఇంట్లోనే, గాలి కిటికీలోంచి.

మా పనిలో ఒక్కటే గట్టి నియమం. గీత వేలాడకూడదు. ప్రతి గీత కొసా ఇంకో గీతకైనా కలవాలి, గుమ్మానికైనా తగలాలి. ఎక్కడా తగలకుండా ఆగిపోయిన గీతను కంప్యూటరు ఎర్రగా చూపిస్తుంది. ఎర్ర గీత ఒక్కటి మిగిలినా ఆ స్థలం పూర్తయినట్టు ఒప్పుకోరు. ఒప్పుకోని పెద్దమనిషి మా సూపర్‌వైజరు, ఆయనకు మేం పెట్టుకున్న పేరు ఎర్రపెన్ను. ఒక్కోసారి ఫొటోలో చెట్టు నీడ పడో, లారీ అడ్డొచ్చో కింద ఏముందో కనబడదు. అక్కడ వాలు ఉందో, మెట్టు ఉందో దేవుడికెరుక. అప్పుడు ఇటు కొసను లాగి అటు కొసకు కలిపేస్తాం. దాన్ని మాలో మేం అతుకు అంటాం. ఇంత దారి వేసినవాడు ఆ నాలుగడుగులు వెయ్యకుండా ఉంటాడా అని మా ధైర్యం. గీత పచ్చగా మారుతుంది, ఎర్రపెన్ను శాంతిస్తాడు, ఇంకో ఫొటో తెరుస్తాం.

నేనుండేది అన్నయ్య ఇంట్లో. అన్నయ్య, వదిన ఇద్దరూ మంచివాళ్ళు. నా బాధల్లో అది కూడా ఒకటి. గడప దగ్గర, మంచం దగ్గర, కారు దగ్గర అన్నయ్య నన్ను ఎత్తుతాడు. అడగడు. వంగుతాడు, ఎత్తుతాడు, అంతే. విసుగుతో ఎత్తేవాడైతే ఎదురు తిరిగేదాన్ని, మర్యాదగా పోట్లాడుకునేవాళ్ళం. ప్రేమగా ఎత్తేవాడితో ఏమని పోట్లాడతాం. మింగలేక కక్కలేక పన్నెండేళ్ళు గడిపాను.

ఇలాంటి నాకు ఇళ్ళ కేటాయింపు కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మెట్లెక్కలేని వాళ్ళ కోసం కట్టిన ఇళ్ళల్లో నేలమీది గదికి నాలుగేళ్ళ క్రితం పేరు రాయించుకున్నాను. వెడల్పాటి తలుపులు, గడప లేని గుమ్మం, నా ఎత్తుకు అందే పొయ్యి, లోపలినుంచి గడియ. ఆ గడియ గురించి నేను కలలు కూడా కన్నాను. కిందటేడు నా నంబరు పధ్నాలుగు. ఏడాదికి రెండు గదులు ఖాళీ అయితే గొప్ప. అలాంటిది ఒక్క ఏడాదిలో మొదటి నంబరు నాదే అయింది. "మీకంటే ముందున్నవారు నిర్ణీత సమయంలో హాజరు కానందున" అని ఉత్తరంలో రాశారు. చెప్పిన రోజున, పగలు పన్నెండు లోపు, స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. రాకపోతే పేరు జాబితా అడుగుకు పోతుంది, తర్వాతివాళ్ళను పిలుస్తారు.

"ఎవరో పుణ్యాత్ములు ఆడపడుచుగారి కోసం దారి వదిలారు," అంది వదిన ఉత్తరం చదివి. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తొస్తుంది నాకు.

అన్నయ్య నవ్వలేదు. "ఒక్కదానివే ఎలా ఉంటావ్?" అన్నాడు.

"ఉంటే తెలుస్తుంది."

"సరే, సంతకానికి నేను తీసుకెళ్తా. గంటలో పని."

"నువ్వు ఎత్తి కార్లో పడేసి, దించి, సంతకం పెట్టించి, మళ్ళీ ఎత్తి తెస్తావు. ఇక ఆ గది ఎందుకు?"

అప్పుడే ఆయన ఫోను కోడిలా కూసింది. అన్నయ్య ఫోను మోగితే కోడి కూస్తుంది. ఇంట్లో అందరం ఎంత తిట్టినా మార్చడు. ఆ కూత ఆగేదాకా ఆగి ఉంటే నేను కాస్త చల్లబడేదాన్నేమో. ఆగలేదు. కోడి కూత మీదుగా అరిచినట్టే అన్నాను.

"నేనొక్కదాన్నే వెళ్తా. ఎవ్వరూ నన్ను ఎత్తకుండా వెళ్ళి వస్తా. మధ్యలో ఎవరైనా ఎత్తాల్సి వచ్చిందంటే గది ఊసే ఎత్తను, ఇక్కడే పడి ఉంటా. నేను ఫోన్ చేస్తే తప్ప నువ్వు రాకూడదు."

"మాటేనా?" అన్నాడు.

"మాటే."

వదిన నన్ను చూసి తల పట్టుకుంది. మాట జారితే వెనక్కి తీసుకోలేమంటారు. నాది జారలేదు, నేనే తోశాను.

ఆ రోజు తొమ్మిదిన్నరకు బస్సెక్కాను. కొత్త బస్సులు, నేలకు వంగి పలక చాపుతాయి. డ్రైవరు నాకేసి చూడను కూడా చూడలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పన్నెండేళ్ళలో నన్ను ఎవరూ పట్టించుకోని మొదటి అరగంట అది. దిగాక రోడ్డు పక్కన రెండు వందల గజాలు చేతులతో చక్రాలు తోసుకుంటూ పోయాను. పదీ ఇరవై అయిదుకు కార్యాలయం గేటు దగ్గరున్నాను. ఎదురుగా పెద్ద పార్కింగు, ఆ చివర గాజు తలుపుల గుమ్మం. మధ్యలో నాలుగైదు వందల కార్లు.

ఫోను తెరిచి మా గీతలు పెట్టుకున్నాను. "ముందుకు సాగండి," అంది. సాగాను. రెండు వరుసల కార్ల మధ్యనుంచి ఎత్తుగా ఒక నడక గట్టు పోతోంది. దాని మీదకు ఎక్కడానికి ఈ కొసన చక్కటి వాలు ఉంది. ఎక్కాను. గట్టు నా కుర్చీకి సరిగ్గా సరిపోయింది. రెండు పక్కలా కార్ల ముక్కులు గట్టు మీదకు తోసుకొచ్చి ఉన్నాయి, మధ్యమధ్య దీపస్తంభాలు. మోచేతులు దగ్గర పెట్టుకుని పోవాలి. అయినా పోతున్నాను. "నలభై మీటర్లలో గమ్యం," అంది ఫోను. నాకు పాట పాడాలనిపించింది.

గట్టు చివర గుబురు చెట్టు ఒకటుంది. దాని కింద గట్టు అయిపోయింది. అవతల కార్లు తిరిగే దారి, ఆ దారి దాటితే గుమ్మం. గట్టు నుంచి ఆ దారిలోకి దిగడానికి వాలు లేదు. జానెడు ఎత్తున నిటారుగా తెగి ఉంది.

కుర్చీ ఆపి కిందకి చూశాను. జానెడంటే మీకు జానెడే. నాకు అలాంటి జానెడు మీంచే అయిదేళ్ళ క్రితం ముందుకు బోర్లాపడి ఆరు వారాలు మంచంలో ఉన్నాను. వెనక్కి తిరిగి దిగితే కొందరు దిగుతారట. తిరగడానికి చోటేది? చక్రాలు వెనక్కి తిప్పుకుంటూ వచ్చిన దారినే పోదామని మెడ తిప్పాను. అప్పుడే నీలం రంగు కారొకటి వచ్చి, వాలుకు అడ్డంగా ఆగింది. అందులోంచి ఒకాయన దిగి, ఫోన్లో నవ్వుతూ గుమ్మంకేసి పరిగెత్తాడు. "ఏమండీ" అని పిలిచాను. నా గొంతు ఆయన నవ్వును దాటలేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. పదీ నలభై అయింది.

మొదట నాకు వచ్చింది భయం కాదు, కోపం. ఏ దరిద్రుడు గీశాడు ఈ గీతను అనుకున్నాను. మా పనివాళ్ళకు ఒక సౌకర్యం ఉంది, గీతను నొక్కి పట్టుకుంటే గీసినవాళ్ళ నంబరు కనిపిస్తుంది. నొక్కాను. పదిహేడు అని వచ్చింది.

పదిహేడు నేనే.

తేదీ చూస్తే నేను చేరిన మొదటి ఏడాది. ఫొటోలో చెట్టు నీడ గట్టు చివరను కప్పేసి ఉంది. ఇటు కొస, అటు కొస, మధ్యలో నాలుగడుగుల నలుపు. ఆ నలుపు మీదుగా గీత తిన్నగా, పచ్చగా పోయింది. అతుకు. ఎంత గుర్తు చేసుకుందామన్నా గుర్తు రాలేదు. తొమ్మిది వందల్లో ఒకటి, రెండు నిమిషాల పని. గుర్తు కూడా లేకపోవడం నాకు ఎక్కువ మండింది.

ఎర్రపెన్నుకు ఫోన్ చేశాను.

"సార్, ఇళ్ళ కేటాయింపు కార్యాలయం పార్కింగులో గీత తప్పు. గట్టు చివర వాలు లేదు."

"ఎవరు గీశారు?"

"నేనే."

"ఎవరు చెప్పారు తప్పని?"

"నేనే. దాని మీదే ఉన్నాను."

"మరి సరిచెయ్యి. కానీ ఇంకో దారి చూసి కలుపు. వేలాడదీయకు, నెలాఖరు తనిఖీ ఉంది," అన్నాడు. కలపడానికి ఇంకో దారి ఉంటే దాని మీదుగా నేను పోనా అని అడగాలనుకునేలోపు పెట్టేశాడు.

పదకొండయింది. ఎండ చెట్టును దాటి నా ఒళ్ళోకి వచ్చింది. గాజు తలుపులు పదిహేను మీటర్ల దూరంలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. లోపల కౌంటరు కూడా కనిపిస్తోంది, దాని వెనక గోడ మీద గడియారం కనిపిస్తోంది. కార్లలో వచ్చినవాళ్ళు గుమ్మం ముందే దిగి లోపలికి పోతున్నారు. వాళ్ళకు ఏ బాధా లేదు. ఒకతను నన్ను చూసి ఆగి, "మేడమ్, లేపి దించేయనా?" అన్నాడు. బలంగా ఉన్నాడు, మంచిగా అడిగాడు. నేను వద్దన్నాను. "పర్లేదు, ఎవరికోసమో చూస్తున్నా," అని అబద్ధం కూడా ఆడాను. అతను వెళ్ళిపోగానే నన్ను నేను తిట్టుకున్నాను. అడిగినవాడు ఎత్తితే మాట పోతుంది, ఎత్తకపోతే గది పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అని వదిన ఊరికే అంటూ ఉంటుంది, ఆ చెక్కకు ఎలా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. నీలం కారాయన వస్తాడేమోనని తలుపులకేసి చూస్తూ కూర్చున్నాను. రాలేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చాను కూడా. కార్లకు కళ్ళుండవు కదా.

పదకొండుంబావుకు వెనకనుంచి టక్కు టక్కుమని చప్పుడు వినబడింది. మెడ తిప్పి చూస్తే ఒక పెద్దావిడ. డెబ్భై దాటి ఉంటాయి. నాలుగు కాళ్ళ ఊత పట్టుకుని నడుస్తోంది. నీలం కారుకూ స్తంభానికీ మధ్య సందులో ఊతను ముడిచి, పక్కకు తిరిగి, ఎలాగో దూరింది. నాకంటే సన్నం కాబట్టి దూరింది. మెళ్ళో వేలాడదీసుకున్న ఫోను "ముందుకు సాగండి" అంటోంది. నా గీతే.

"రాకండి పెద్దమ్మా," అన్నాను. "ఈ చివర దారి లేదు."

ఆవిడ ఆగలేదు. నా వెనకదాకా వచ్చి, ఊత మీద వాలి ఊపిరి తీసుకుంది. "తెలుసు తల్లీ," అంది.

"తెలిస్తే ఎందుకొచ్చారు?"

"ఫోను ఇటే చెప్తుంది కదా. నెలనెలా వస్తూనే ఉన్నా. ఇక్కడిదాకా వచ్చి కూర్చుంటా. ఎవరైనా చెయ్యిస్తే దిగుతా. ఒక్కోరోజు ఇస్తారు, ఒక్కోరోజు ఇవ్వరు." గట్టు అంచున నెమ్మదిగా కూర్చుంది. ఆవిడకు అది అలవాటైన చోటని ఆ కూర్చోవడంలోనే తెలిసింది. "మనవడు పెట్టిచ్చాడు ఇది. కుర్చీలవాళ్ళక్కూడా పనికొచ్చే దారులే చూపిస్తుందట. అంత చదువుకున్నవాళ్ళు చేసింది తప్పెందుకు చెప్తుంది. అందరూ దిగుతున్నారు కాబోలు, నా మోకాలికే చేతకావట్లేదు."

నా ఫోనును ఒళ్ళో బోర్లా పెట్టాను.

"నెలనెలా ఏం పని ఇక్కడ?" అని అడిగాను.

"నేలమీది గది కోసం. కిందటేడు చలికాలంలో నా వంతు వచ్చింది. పన్నెండు లోపు రమ్మన్నారు. పదిన్నరకే వచ్చా. ఇదిగో, ఇక్కడే కూర్చున్నా. ఆ రోజు వాన, ఒక్కరూ ఇటు రాలేదు. పన్నెండున్నరకు ఎవరో దించారు. లోపలికి పోతే, మీ పేరు అడుగుకు పోయిందమ్మా అన్నారు. అప్పట్నుంచి నెలకోసారి వచ్చి అడుగుతున్నా, ఇంకెంత దూరమని. మూడో అంతస్తులో ఉంటున్నా తల్లీ. కిందకి దిగితే మళ్ళీ ఎక్కడానికి గంట."

నా ఒళ్ళో ఎండ ఉంది గానీ నాకు చలేసింది.

"మీ ఒక్కరికేనా అలా అయింది?"

"ఇంకో ఆయన ఉన్నాడు, నీలాగే కుర్చీ. ఇక్కడే పరిచయమయ్యాడు. ఆయన వంతు పోయాక మళ్ళీ రాలేదు. ఒకమ్మాయి కూడా, కళ్ళు సరిగ్గా కనబడవు, ఇక్కడే తూలి పడింది."

ఇక లెక్క నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ జాబితాలో ఉన్నవాళ్ళంతా మెట్లెక్కలేనివాళ్ళు. బస్సు దిగి వచ్చేవాళ్ళు. ఫోను చెప్పిన దారిన వచ్చేవాళ్ళు. ప్రతివాళ్ళూ ఈ గట్టు చివరిదాకా వచ్చి, గడియారం చూస్తూ కూర్చుని, వంతు పోగొట్టుకున్నారు. పధ్నాలుగో నంబరుదాన్ని నేను ఒకటో నంబరుకు అలా వచ్చాను. వదిన చెప్పిన పుణ్యాత్ములు వీళ్ళే. వాళ్ళు దారి వదల్లేదు, నేనే వాళ్ళకు దారి లేకుండా చేశాను. రెండు నిమిషాల్లో.

"నీకు కూడా ఇవాళ పనా తల్లీ?" అంది పెద్దావిడ.

"ఆఁ," అన్నాను.

గడియారంలో పదకొండూ నలభై. ఆవిడ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఊత మీద చెయ్యి ఊగుతోంది. ఇంకో ఇరవై నిమిషాలు ఆ ఎండలో కూర్చుంటే పడిపోయేలా ఉంది. నా మాట, నా పంతం, నన్ను ఎవరూ ఎత్తకూడదన్న నా గొప్ప, అన్నీ ఒక్కసారిగా పాత బట్టల్లా కనబడ్డాయి. ఫోను తీసి అన్నయ్యకు కొట్టాను.

కోడి కూసింది.

ఫోన్లో కాదు. పార్కింగులో. నా ఎడమపక్క ఆరేడు కార్ల అవతల, పెద్ద వ్యాను వెనక కోడి కూసింది. కూత సగంలో ఆగి, ఫోన్లోంచి "హలో" అన్నాడు, వ్యాను వెనకనుంచి కూడా "హలో" అన్నాడు.

"ఎక్కడున్నావ్?" అన్నాను, తెలిసిపోతున్నా.

"ఇక్కడే. కాస్త దూరంలో."

"ఎప్పట్నుంచి?"

"పదిన్నర నుంచి. బస్సు వెనకే వచ్చా."

"ఇంతసేపూ చూస్తూ ఉన్నావా?"

"ఫోన్ చేస్తే తప్ప రావద్దన్నావు కదా," అన్నాడు. "ఏడుస్తుంటే రెండడుగులు వేశా. మళ్ళీ వెనక్కి పోయా."

నోట్లో నువ్వుగింజ నానని వదిన కూడా ఈ సంగతి పొద్దున్న నా ముందు దాచింది. ఇద్దరి మీదా ఒళ్ళు మండాలి. మండలేదు. గంటసేపు వ్యాను వెనక నిలబడి తన చేతులు తనే పట్టుకుని ఉన్న మనిషి మీద ఏమని మండిపడతాను.

ఆయన పరిగెత్తుకొచ్చాడు. అలవాటు ప్రకారం నా మీదకే వంగాడు. "ముందు ఆవిణ్ణి," అన్నాను. పెద్దావిణ్ణి రెండు చేతుల మీద దించి, ఊత అందించాడు. తర్వాత నన్ను, కుర్చీని. మాట పోయింది. ఆయన ఆ మాట ఎత్తలేదు. దారి దాటి గాజు తలుపుల్లోకి పోయేసరికి పదకొండూ యాభై మూడు.

కౌంటరు ఆవిడ మర్యాదస్తురాలు. ఉత్తరం చూసి, "సమయానికి వచ్చారు, మీ అదృష్టం," అని కాగితం, పెన్నూ ముందుకు తోసింది. పక్క కౌంటరులో పెద్దావిడ అడుగుతోంది, ఇంకెంత దూరమని. "ఇరవై రెండో నంబరమ్మా," అన్నారు. "అంతేనా," అంది ఆవిడ. పోయినసారి కంటే తగ్గిందేమో, సంతోషించినట్టే ఉంది. నాకేసి తిరిగి, "ఈ అమ్మాయి వాళ్ళ అన్నగారు దించారండీ, లేకపోతే ఇవాళా అక్కడే," అని వాళ్ళకు నన్ను చూపించింది.

నేను పెన్ను పట్టుకున్నాను. నా పేరులో మొదటి అక్షరం రాశాను. అక్కడే ఆపేశాను.

"మేడమ్, ఒకటి అడగాలి," అన్నాను. "మీ పార్కింగులో గట్టు దిగలేక సమయానికి రాలేకపోయినవాళ్ళ వంతు పోవడం న్యాయమేనా?"

విషయం మొత్తం చెప్పాను. గీత నాదేనని, అతుకు నాదేనని కూడా చెప్పాను. ఆవిడ విని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"చూడండమ్మా. ఇది మీరు రాసిస్తే, దారి లేక రాలేకపోయినవాళ్ళందరినీ పాత వరుసలో పెట్టాలి. మా నియమంలో ఉంది. కానీ గది ఇవాళే కేటాయించాలి. ముందు సంతకం పెట్టి తాళం తీసుకోండి, ఆ తర్వాత ఫిర్యాదు రాయండి. రెండూ వేర్వేరు కాగితాలు. మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు."

నిజమే, ఎవరూ తప్పు పట్టరు. నేను పూర్తిగా ఒక నిమిషం అలా కూర్చున్నాను, గడియారంలో ముల్లు తిరగడం చూశాను. తాళం అక్కడే ఉంది, సొరుగు మీద, దారం కట్టి. నాకు మంచితనం పొంగుకొచ్చిందనుకోకండి. ఆ తాళం నాకు కావాలి. ఇప్పటికీ కావాలి. కానీ ఆ గది గడియ లోపలినుంచి పెట్టుకున్న ప్రతిసారీ ఈవిడ మూడో అంతస్తు ఎక్కుతూ ఉంటుంది, తన మోకాలిదే తప్పనుకుంటూ. ఆ గదిలో కూడా నేను ఇరుక్కునే ఉంటాను. ఇరుక్కోవడమే రాసిపెట్టి ఉంటే, తెలిసిన ఇంట్లోనే ఇరుక్కుంటాను.

పెన్నుకు మూత పెట్టాను. "ఫిర్యాదు కాగితం ఇవ్వండి," అన్నాను.

రాయడానికి పది నిమిషాలు పట్టింది. గోడ మీద గడియారం పన్నెండు దాటడం నేను చూడలేదు. వరుస సరిచేస్తే నా నంబరు పన్నెండు అవుతుందని కౌంటరు ఆవిడ చెప్పింది. ఒకటో నంబరు పెద్దావిడది. ఆవిడకు ఇది రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"గది నాకా? మరి నీకో?" అంది నన్ను చూసి.

"నాకు ఇల్లుంది పెద్దమ్మా," అన్నాను.

ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టింది. తియ్యమని చెప్పలేకపోయాను. ఆ చెయ్యి అక్కడ ఉన్నంతసేపూ సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడకు ఆ గీత ఎవరు గీశారో చెప్పలేదు నేను. కౌంటరు దగ్గర చెప్పినంత ధైర్యం ఆవిడ ముందు రాలేదు.

అన్నయ్య కారు గుమ్మం ముందుకు తెచ్చాడు. బయటికి వచ్చి సంగతి చెప్పాను. ఆయన మొహం దిగులుగా పెట్టుకుని విన్నాడు. కానీ పన్నెండేళ్ళుగా చూస్తున్న మొహం అది, కళ్ళ కింద ఏముందో నాకు తెలియదా.

"సంతోషంగా ఉందా?" అన్నాను.

"లేదు."

"అబద్ధం."

కాసేపు కారు తాళాలు చేతిలో తిప్పాడు. "కొంచెం ఉంది," అన్నాడు. "తప్పేనా?"

తప్పే. కానీ ఆ మాట నేను అనలేదు, తప్పుల గురించి ఆ రోజుకు నేను చెప్పాల్సింది చెప్పేశాను. కోపంగా ఉంది, ఏడుపుగా ఉంది, ఇంటికి పోతే మళ్ళీ అదే కిటికీ. అవన్నీ ఉన్నాయి.

ఫోను తీశాను. గీతను తెరిచి, చెట్టు కింద ఉన్న ఆ నాలుగడుగుల అతుకు పట్టుకుని తెంపేశాను. గట్టు మీది గీత గేటు వరకూ ఒక్కసారిగా ఎర్రబడింది. రెండు నిమిషాల్లో ఎర్రపెన్ను ఫోన్ చేశాడు.

"గీత వేలాడుతోంది," అన్నాడు.

"వేలాడనివ్వండి సార్. అక్కడ దారి అంతే ఉంది."

"తనిఖీకి ఏం చెప్పమంటావ్?"

"పదిహేడో నంబరు తెంపిందని చెప్పండి. ఇంకా తెంపుతుందని కూడా చెప్పండి. అతుకులు నావే చాలా ఉన్నాయి."

ఆయన ఏదో అంటుండగానే పెట్టేశాను. తొమ్మిది వందల స్థలాల్లో ఎన్ని నీడలున్నాయో, ఏ నీడ కింద ఎవరు కూర్చుని ఉన్నారో నాకు తెలియదు. ఇంటికి పోగానే మొదటి ఫొటో నుంచి తెరవాలి.

అన్నయ్య కారు తలుపు తీశాడు. నా ముందుకు వచ్చి, ఎప్పటిలాగే వంగాడు. వంగినవాడు సగంలో ఆగిపోయాడు. చేతులు గాల్లోనే ఉన్నాయి.

"ఎత్తనా?" అని అడిగాడు.

పన్నెండేళ్ళలో అడగడం అదే మొదటిసారి. ఆయన అలాగే వంగి, తొందరపెట్టకుండా ఉన్నాడు. వెనక ఎవరో హారను కొట్టినా కదల్లేదు.

"ఊఁ," అన్నాను కాసేపటికి. "ఎత్తు."